ఏడున్నరకి ఇల్లు చేరేవాళ్ళు రాత్రికి ఏం వండుతున్నారు? (ప్యాకెట్లు లేకుండా)

మియాపూర్_మంగ · సోమవారం రాత్రి 10:12

అందరికీ నమస్తే. ఇంట్లో ఐదుగురం. మేమిద్దరం, పిల్లలిద్దరు (తొమ్మిదేళ్ళ బాబు, ఐదేళ్ళ పాప), మా మామగారు. ఆయనకి షుగర్. ఇద్దరం ఆఫీసుల నుంచి ఇల్లు చేరేసరికి ఏడున్నర. ఎనిమిదిన్నర దాటితే పాప కంచం ముందే కునికిపాట్లు పడుతుంది. అంటే నాకు దొరికేది అరగంట, మహా అయితే నలభై నిమిషాలు.

ప్రస్తుతం వారంలో మూడు రోజులు నూడుల్సో, ఫ్రోజెన్ పరాఠాలో, బ్రెడ్డు జామో నడుస్తోంది. ఈ "అల్ట్రా ప్రాసెస్డ్" ప్యాకెట్లు తగ్గించాలని ఉంది. ఒక రోజు కర్రీ పాయింటు. మిగతా రోజులు అన్నం, గుడ్డు పొరటు. బాబు ఈమధ్య మామూలు చారన్నం పెడితే "మసాలా లేదా?" అని అడుగుతున్నాడు. ఆ పసుపురంగు పొట్లంలోని పొడి అని వాడి ఉద్దేశం.

యూట్యూబ్‌లో "పది నిమిషాల డిన్నర్" అని పెట్టేవాళ్ళంతా కూరగాయలు తరిగి గిన్నెల్లో పెట్టుకుని మొదలుపెడతారు. ఆ తరిగే టైమ్ ఎవరు లెక్కేస్తారు? దయచేసి మీ ఇంట్లో నిజంగా పనిరోజుల్లో చేసేవి చెప్పండి. రోటీ కర్రీ కాంబినేషన్లు వద్దు, చపాతీలు ఒత్తే ఓపిక లేదు.

---

కాకినాడ_కాజా · సోమవారం రాత్రి 10:31

మంగా, ఒక్క కుక్కర్‌తో అయిపోయేది చెప్తాను. మా ఇంట్లో వారానికి రెండుసార్లు ఇదే.

ఐదు లీటర్ల కుక్కర్ అడుగున గ్లాసున్నర నీళ్ళు. ఒక గిన్నెలో కడిగిన కందిపప్పు, రెండున్నర రెట్లు నీళ్ళు, పసుపు, నాలుగు పచ్చిమిర్చి, రెండు టమాటాలు నాలుగేసి ముక్కలుగా, పాలకూర చేత్తో తుంపి. తరగడం కూడా లేదు చూశావా. దాని మీద ఇంకో గిన్నెలో బియ్యం, రెట్టింపు నీళ్ళు. మూత పెట్టి నాలుగు విజిల్స్. ఆవిరి పోయేలోపు నువ్వు మొహం కడుక్కుని, చీర మార్చుకుని, పిల్లల డైరీలు చూడొచ్చు. తర్వాత పప్పులో ఉప్పు, నానిన చింతపండు రసం వేసి గరిటెతో నాలుగు తిప్పులు తిప్పి ఒక పొంగు రానిచ్చి, ఇంగువ, వెల్లుల్లితో పోపు. చింతపండు మాత్రం ముందు వెయ్యకు. పులుపు తగిలితే పప్పు బిరుసెక్కి ఉడకదు.

పొద్దున వెళ్ళేముందు కందిపప్పు నీళ్ళల్లో పడేసి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తే రెండు విజిల్స్ చాలు గాని, అప్పుడు పైన అన్నం పలుకుగా ఉండిపోతుంది. అందుకే నేను నానబెట్టను.

పక్కన ఆవకాయ ఉంటే ఇంక కూర అడిగేవాళ్ళెవరు?

---

ఓరుగల్లు_పిల్ల · సోమవారం రాత్రి 10:50

కందిపప్పుకి నాలుగు విజిల్స్ ఆగలేనోళ్ళకి ఎర్రపప్పు. మా దిక్కు మసూర్, మైసూర్ పప్పు రెండూ అంటరు. నానబెట్టే పనే లేదు, మామూలు గిన్నెలో కూడా పావుగంటలో మెత్తగైతది.

ఇగ నా ఓటు పచ్చి పులుసుకి. పొయ్యి మీద పెట్టేది పోపు ఒక్కటే. చింతపండు రసంల సన్నగ తరిగిన ఉల్లిగడ్డ, మంట మీద కాల్చి నలిపిన పచ్చిమిర్చి, ఉప్పు, చిన్న బెల్లం ముక్క, కొత్తిమీర. వేయించిన నువ్వుల పొడి ఒక చెంచా కలిపితే మా వరంగల్ రుచి. పెసరపప్పు కిచిడీ కుక్కర్ల పెట్టి, అది అయ్యేలోపు ఇది కలిపేస్తే ఇరవై నిమిషాలల్ల మొత్తం భోజనం.

---

చార్మినార్_చాయ్ · సోమవారం రాత్రి 11:05

కిచిడీ మాట వచ్చింది కాబట్టి: పాతబస్తీలో మేము పొద్దున్నే తినే ఖిచిడీ మసూర్ పప్పుతోనే చేస్తాం. పక్కన ఖట్టా. అది కూడా మీ పచ్చి పులుసు చుట్టమే, నువ్వులూ పల్లీలూ కలిసి చిక్కగా ఉంటుంది. ఖీమా ఆదివారాలకి వదిలేద్దాం, మామూలు రోజు ఉడకబెట్టిన గుడ్డు చాలు. పొద్దున తినేదాన్ని రాత్రి తినకూడదని ఏ చట్టమూ లేదు కదా.

---

బెజవాడ_బాబాయ్ · మంగళవారం ఉదయం 6:20

అన్నీ బాగానే ఉన్నాయి గాని నాదొక ప్రశ్న. ఈ "అల్ట్రా ప్రాసెస్డ్" అంటే అసలు ఏది? పిండి మరలో ఆడించిన గోధుమపిండీ ప్రాసెస్డే. గానుగ నూనె ప్రాసెస్డే. పెరుగు, ఆవకాయ, అప్పడం అన్నీ ప్రాసెస్డే. మా అమ్మ ఎండాకాలం మేడ మీద పెట్టిన వడియాలు కూడానా? ఏదో కొత్త పేరు పెట్టి జనాన్ని బెదిరించడం తప్ప ఇందులో ఏముంది?

---

న్యూట్రిషన్_నీలిమ · మంగళవారం ఉదయం 8:45

బాబాయ్ గారూ, మీ అమ్మగారి వడియాలకి ఏ ఢోకా లేదు.

ఇది నోవా అనే వర్గీకరణ. బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయంలో కార్లోస్ మోంటెయిరో బృందం 2009 నుంచి అభివృద్ధి చేసింది. నాలుగు గుంపులు. బియ్యం, పప్పులు, కూరగాయలు, పాలు, పెరుగు, గుడ్లు, మాంసం మొదటి గుంపు. నూనె, నెయ్యి, ఉప్పు, బెల్లం లాంటి వంట సరుకులు రెండోది. మొదటిదాన్ని రెండోదానితో కలిపి చేసేవి, అంటే పచ్చళ్ళు, పనీరు, ఉప్పు నీళ్ళల్లో డబ్బాకట్టిన శనగలు మూడోది. నాలుగోదే మనం మాట్లాడుకునేది. ఇంటి వంటగదిలో ఉండని పదార్థాలతో ఫ్యాక్టరీలో తయారయ్యేవి.

గుర్తుపట్టడం తేలిక. ప్యాకెట్ వెనక్కి తిప్పండి. మాల్టోడెక్స్‌ట్రిన్, హైడ్రోలైజ్డ్ ప్రోటీన్, ఇన్వర్ట్ షుగర్ సిరప్, ఎమల్సిఫయర్ (నూనె, నీళ్ళు విడిపోకుండా పట్టి ఉంచేది), "నేచర్ ఐడెంటికల్ ఫ్లేవర్" కనిపిస్తే నాలుగో గుంపే. కొన్నిచోట్ల పేరు బదులు ఐఎన్ఎస్ నంబర్ (తిండిలో కలిపే పదార్థాలకి ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య) ఉంటుంది. 627, 631 రుచి పెంచేవి, 471 ఎమల్సిఫయర్, 150డి రంగు. మంగగారి అబ్బాయి అడిగే మసాలా పొట్లంలో ఆ మొదటి రెండూ ఉంటాయేమో చూడండి. ఈ నంబర్లు ఉన్నంత మాత్రాన విషం అని కాదు, అనుమతి ఉన్నవే. కాకపోతే అవి ఎందుకు అవసరమయ్యాయి అన్నదే ప్రశ్న. ఇంకోటి, పదార్థాలన్నీ బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాయాలన్నది నియమం. "మల్టీగ్రెయిన్" అని పెద్దగా రాసి, జాబితాలో మొదట మైదా ఉంటే అది మైదా బ్రెడ్డే.

ఇక బెదిరింపు సంగతి. అమెరికాలో ఎన్ఐహెచ్ అనే ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలో కెవిన్ హాల్ 2019లో ఒక ప్రయోగం ప్రచురించారు. 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి రెండు వారాలు ఒక రకం తిండి, రెండు వారాలు ఇంకో రకం. చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింటిలోనూ దాదాపు సమానంగా ఉండేలా చూసి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. అల్ట్రా ప్రాసెస్డ్ తిన్న రోజుల్లో మనిషికి రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, బరువూ పెరిగారు. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024లో ఇచ్చిన 17 మార్గదర్శకాల్లో ఇలాంటివి తగ్గించమనే చెప్పింది.

---

బెజవాడ_బాబాయ్ · మంగళవారం ఉదయం 9:10

20 మందితోనా! మా అపార్ట్‌మెంట్ మీటింగుకే అంతకన్నా ఎక్కువ వస్తారు.

---

న్యూట్రిషన్_నీలిమ · మంగళవారం ఉదయం 9:32

నిజమే, చిన్నదే. కాకపోతే నెలపాటు మనుషుల్ని ఒకచోట పెట్టి ప్రతి ముద్దా తూచి ఇవ్వడం అంటే 20 మందికే తలప్రాణం తోకకి వస్తుంది. ఈ వర్గీకరణ మీద విమర్శలూ ఉన్నాయి. గోధుమ బ్రెడ్డునీ కూల్‌డ్రింకునీ ఒకే గాటన కట్టడం ఏమిటని చాలామంది పోషకాహార నిపుణులే అడుగుతారు. నాకూ ఆ అసంతృప్తి ఉంది. అందుకే "ఒక్క ప్యాకెట్ కూడా ఇంట్లోకి రాకూడదు" అనే పంతం నాకు లేదు. రోజూ తినేది ఏది అన్నదే నేను చూస్తాను.

---

డల్లాస్_దోసకాయ · మంగళవారం ఉదయం 10:04

మాకు ఇక్కడ రాత్రి. నీలిమగారు చెప్పినదాంట్లో నాకు పనికొచ్చిన సంగతి ఒకటి: ఫ్రీజర్‌లో ఉన్నదంతా చెడ్డది కాదు. ఉత్త కూరగాయల ముక్కలు గడ్డకట్టించినవి మొదటి గుంపే. ఇండియన్ స్టోర్‌లో తరిగిన బెండకాయ, మునక్కాడ ముక్కలు, గోరుచిక్కుడు దొరుకుతాయి. అమెరికన్ స్టోర్‌లో తరిగిన పాలకూర. ప్యాకెట్ వెనక ఒక్క పదార్థమే రాసి ఉంటే చాలు. తరిగే టైమ్ గురించి మంగ అడిగిన ప్రశ్నకి నా జవాబు అదే.

ఫ్రోజెన్ బెండకాయ మాత్రం కరగనివ్వకూడదు, జిగురు పట్టుకుంటుంది. గడ్డగా ఉన్నది ఉన్నట్టే వేడి నూనెలో వేసి మూత పెట్టకుండా వేయించాలి.

ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు కుక్కర్) పప్పు, పాలకూర పెట్టి మా అబ్బాయిని ఈతకి తీసుకెళ్ళి వస్తాను. వచ్చేసరికి వెచ్చగా ఉంటుంది. పోపు పెట్టడమే.

---

అనంత_మామిడి · మంగళవారం మధ్యాహ్నం 1:15

మామగారికి షుగర్ అన్నారు కాబట్టి: మా అనంతపురం వైపు రాగి సంగటి. అందరూ కష్టం అనుకుంటారు గాని చపాతీ కన్నా తేలిక. గుప్పెడు బియ్యం నీళ్ళెక్కువ పోసి మెత్తగా ఉడకనివ్వాలి. దాని నడిమధ్య రాగిపిండి కుప్పగా పోసి, కలపకుండా, మంట తగ్గించి మూత పెట్టాలి. ఐదారు నిమిషాలు ఆవిరి పట్టాక కట్టెతో గట్టిగా ఎనపాలి. ఉండలు కట్టేది ఎప్పుడంటే, ముందే తొందరపడి కలిపినప్పుడు. చేతులు తడి చేసుకుని ముద్దలు చుట్టేయడమే.

పక్కన పల్లీల ఊరిబిండి. వేయించిన పల్లీలు, ఎండుమిర్చి, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు. మిక్సీలో ఒక నిమిషం.

రాగి అని చెప్పి రెండు ముద్దలు ఎక్కువ పెట్టకండి. అదీ పిండిపదార్థమే. ముద్ద చిన్నది, పప్పు, ఆకుకూర ఎక్కువ. ఎంత తినాలన్నది డాక్టర్ని అడిగితే మేలు.

---

మియాపూర్_మంగ · మంగళవారం రాత్రి 9:20

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. కాజా గారి కుక్కర్ ఈరోజే చేశాను. పప్పు అదిరింది. అన్నం కొంచెం మెత్తబడింది, సోనా మసూరి కొత్త బియ్యం కాబోలు. మామగారు రెండోసారి వడ్డించుకున్నారు.

సంగటి ఈ వారంలోనే ఒకరోజు చూస్తాను. పచ్చి పులుసు బాబుకి పెట్టే ధైర్యం లేదు.

కర్రీ పాయింటు మీద మీ అభిప్రాయం ఏమిటి? అది కూడా మానేయాలా? నిజం చెప్పాలంటే అది లేకపోతే నాకు చేతులు విరిగినట్టే.

---

ఒంటరి_కుక్కర్ · మంగళవారం రాత్రి 9:41

అక్కా, దయచేసి కర్రీ పాయింట్ల జోలికి రాకండి. కూకట్‌పల్లిలో నాలాంటివాళ్ళు బతికేదే వాటి మీద. అన్నం నేను పెట్టుకుంటా, పప్పు, వేపుడు, సాంబారు అక్కడ కొంటా. ఇంకేం కావాలి?

---

న్యూట్రిషన్_నీలిమ · మంగళవారం రాత్రి 10:02

కర్రీ పాయింటు కూర నోవా లెక్కలో అల్ట్రా ప్రాసెస్డ్ కాదు. ఎవరో ఒకావిడ పొద్దున్నే లేచి బెండకాయలు తరిగి వండినదే. దాని సమస్యలు వేరు. నూనె, ఉప్పు చెయ్యి జారుతాయి. వేపుళ్ళకి వాడే నూనె ఎన్నిసార్లు కాగిందో తెలియదు. సలసల కాగే సాంబారు పల్చటి కవర్లో పోసి ముడేస్తారు. అందుకే వేపుళ్ళు వదిలేసి పప్పు, పులుసు, ఆకుకూర తీసుకోండి. రెండు స్టీలు డబ్బాలు బండి డిక్కీలో పెట్టుకోండి. ఫ్రోజెన్ పరాఠా కంటే అన్నం, కర్రీ పాయింటు తోటకూర పప్పు నా దృష్టిలో నయం.

---

కాకినాడ_కాజా · మంగళవారం రాత్రి 10:15

స్టీలు డబ్బా మాట బాగుంది. మా వీధిలో డబ్బా తెచ్చినవాళ్ళకి ఒక గరిటె ఎక్కువ కూడా వేస్తాడు.

నా తరఫున ఇంకో సలహా. ఆదివారం ఒక గంట కూర్చుని కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకు పొడి కొట్టుకుని, అల్లం వెల్లుల్లి ముద్ద నూరుకుని, పులిహోర పులుసు ఉడకబెట్టి సీసాలో పెట్టుకుంటే వారం నల్లేరు మీద నడకే.

---

సిద్దిపేట_సింధు · బుధవారం ఉదయం 7:30

ఇన్ని రోజులు చదువుతున్నా గాని రాయలేదు. కాజా గారి మీద కోపం కాదు, ఆ "ఆదివారం ఒక గంట" దగ్గర ఆగిపోయాను.

కందిపొడికి పప్పు వేయించి చల్లారనివ్వాలి. వెల్లుల్లి వలవాలి. చింతపండు గింజలూ పీచూ తీయాలి. కరివేపాకు కడిగి ఆరబెట్టాలి. మిక్సీ జార్లు కడగాలి. అది గంట కాదు, పూట. వారమంతా ఉద్యోగం చేసి, ఉన్న ఒక్క సెలవులో ఒక పూట అలా పోతే ఆ "సులువైన వంట" ఎవరికి సులువు? తినేవాళ్ళకి. ఇన్ని పోస్టుల్లో మంగ గారి ఆయన ఏం చేస్తారని ఒక్కరైనా అడిగారా?

ప్యాకెట్లు మన ఇళ్ళలోకి ఎందుకొచ్చాయి? ఆడవాళ్ళకి ఆఫీసుల్లో పని గంటలు కలిశాయి, ఇంట్లో పని మాత్రం ఎవరూ పంచుకోలేదు. ఆ సందులోంచి దూరాయి. ఇప్పుడు అవి వద్దని మళ్ళీ ఆవిడకే రోలు, రోకలి ఇస్తే ఎట్లా?

---

కాకినాడ_కాజా · బుధవారం ఉదయం 8:05

సింధూ, మాట సూటిగా ఉంది. మా ఇంట్లో వెల్లుల్లి వలిచేది మా వారే, టీవీ ముందు కూర్చుని. అది చెప్పాల్సింది.

---

బెజవాడ_బాబాయ్ · బుధవారం ఉదయం 8:40

అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. రిటైరయ్యాక మా ఇంట్లో రాత్రి వంట నాది. నాకొచ్చినవి నాలుగే: పప్పుచారు, ఉప్మా, గుడ్డు పులుసు, పెరుగన్నం. ఆ నాలుగే తిప్పి తిప్పి వండుతాను. ఎవరూ చిక్కిపోలేదు.

గుడ్డు పులుసులో గుడ్లు ఉడకబెట్టి పెంకు తీసే పని కూడా పెట్టుకోను. ఉల్లిపాయ, టమాటా, కారం, చింతపండు రసం తెర్లుతున్నప్పుడు గుడ్లు నేరుగా పగలగొట్టి అందులోకి జారవిడవడమే. ఐదు నిమిషాలు గరిటె పెట్టొద్దు. పెడితే మాత్రం పొరటు పులుసు అవుతుంది.

---

నిర్వాహకులు · బుధవారం ఉదయం 9:00

చర్చ బాగా నడుస్తోంది. ఇంటిపని ఎవరిదన్న విషయం ఇక్కడే మాట్లాడుకోవచ్చు, తీసేయడం లేదు. కానీ రాత్రి ఒకరు పెట్టిన "సహజ మసాలా" అమ్మకం పోస్టు తొలగించాం. ఫోన్ నంబర్లు పెట్టకండి.

---

కుకింగ్_కిరణ్ · బుధవారం ఉదయం 11:25

నేను మగవాణ్ణి, వంట చేస్తాను, చప్పట్లు అక్కర్లేదు. మా ఇంట్లో పద్ధతి ఇది: ఆరు రోజులకి ఆరు వంటలు ఫిక్స్. ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఉంటుంది. సోమవారం పప్పు, మంగళవారం పెసరట్టు, బుధవారం గుడ్డు, గురువారం కిచిడీ, శుక్రవారం సేమ్యా, శనివారం ఇంట్లో మిగిలినవి. పక్కన ఎవరు వండుతారో పేరు. "ఈ రోజు ఏం చేద్దాం" అని ఆలోచించడమే సగం అలసట. వండటం కన్నా అదే ఎక్కువ టెన్షన్.

పెసరట్టు గురించి ఎవరూ చెప్పలేదేంటి? పులవక్కర్లేని అట్టు కదా. పొద్దున ఆఫీసుకి వెళ్తూ పెసలు నానేస్తాను. రాత్రి వచ్చి అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి మిక్సీ. పెనం వేడెక్కేలోపు పిండి రెడీ.

బాబు నూడుల్స్ అడుగుతాడు కదా, వాడికి సేమ్యా. ప్యాకెట్ మీద గోధుమరవ్వ ఒక్కటే రాసి ఉండే రకం చూసి కొనండి. నెయ్యిలో ఎర్రగా వేయించి, క్యారెట్, బీన్స్, బఠానీ ఉడికే నీళ్ళల్లో వేసి, దింపేముందు మిరియాల పొడి, నిమ్మకాయ. ఉప్మాలా ముద్దగా కాకుండా విడివిడిగా రావాలంటే నీళ్ళు సేమ్యాకి ఒకటిన్నర రెట్లు మించొద్దు. నూడుల్స్‌లా ఫోర్కుతో తింటానంటే తిననివ్వండి.

---

రాజమండ్రి_రత్తమ్మ · బుధవారం మధ్యాహ్నం 3:10

మా మనవరాలు టైపు చేసి పెడుతోంది. ఉప్పుడు పిండి ఎవరికీ గుర్తు రాలేదా? బియ్యపు రవ్వ, గుప్పెడు పెసరపప్పు, పోపులో మిరియాలూ జీలకర్రా కరివేపాకూ, రవ్వకి రెట్టింపు నీళ్ళు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నసెగ మీద మగ్గనిస్తే అడుగున మాడు కడుతుంది. మా పిల్లలు ఆ మాడు కోసమే కొట్టుకునేవాళ్ళు.

అమ్మాయి మంగా, రాత్రి అన్నం మిగిలితే పారెయ్యకు. మజ్జిగ పోసి ఉంచితే పొద్దున చద్దన్నం. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటే పిల్లలకి ఏ పౌడరు పాలూ అక్కర్లేదు.

---

న్యూట్రిషన్_నీలిమ · బుధవారం సాయంత్రం 5:30

రత్తమ్మ గారూ, చద్దన్నం నాకూ ఇష్టమే. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. వండిన అన్నం గంటల తరబడి బయట వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. దాని బీజాలు ఉడికినా చావవు. అది వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. హైదరాబాద్ మే నెల ఎండల్లో అన్నం గట్టు మీద వదిలేయడం మంచిది కాదు. పులిహోరకో, పెరుగన్నానికో మిగిలిన అన్నం వాడుకోవాలంటే వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఆరనిచ్చి, గంట రెండు గంటల్లో ఫ్రిజ్‌లో పెట్టేయండి.

పాలల్లో కలిపే పౌడర్ల మాటకొస్తే, 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకం సైట్లని "హెల్త్ డ్రింక్స్" వరుసలోంచి అలాంటి పానీయాలు తీసేయమంది. మన ఆహార భద్రత చట్టంలో హెల్త్ డ్రింక్ అనే నిర్వచనమే లేదు.

---

రాజమండ్రి_రత్తమ్మ · బుధవారం సాయంత్రం 6:02

ఫ్రిజ్‌లో పెట్టాక మజ్జిగ పొయ్యమంటావు, అంతేగా. సరే. మా రోజుల్లో కుండలో ఉండేది, వేసవిలో కూడా. ఈ మేడల్లో కుండ ఎక్కడ పెడతారు పాపం.

---

ఒంటరి_కుక్కర్ · బుధవారం రాత్రి 8:15

బజారు దోసెల పిండి ఓకేనా? బ్రెడ్డు సంగతి ఏంటి? అల్లం వెల్లుల్లి పేస్టు ప్యాకెట్? అన్నీ ఇంట్లో నూరే సీన్ నాకు లేదు.

---

న్యూట్రిషన్_నీలిమ · బుధవారం రాత్రి 8:50

పిండి: బియ్యం, మినప్పప్పు, మెంతులు, ఉప్పు, నీళ్ళు. అంతే ఉంటే హాయిగా కొనండి. మీ గల్లీలో గ్రైండర్ పెట్టుకుని అమ్మే ఆవిడ దగ్గరైతే ఇంకా మంచిది. అల్లం వెల్లుల్లి పేస్టులో నిల్వకి, చిక్కదనానికి ఏవో వేస్తారు కాని మీరు వాడేది చెంచాడు, దాని గురించి నిద్ర పాడు చేసుకోవద్దు. బ్రెడ్డు చాలావరకు నాలుగో గుంపే. వారానికి ఒక రోజైతే పర్లేదు, రోజూ పొద్దునా రాత్రీ అదే అయితే ఆలోచించాలి.

---

మియాపూర్_మంగ · శనివారం సాయంత్రం 4:40

వారం రిపోర్టు. సింధు గారి పోస్టు మా ఆయనకి చూపించాను. మాట్లాడలేదు గాని గురువారం కిచిడీ తనే పెట్టాడు. పసుపు ఎక్కువై అరచేతులన్నీ పచ్చగా అయ్యాయి, అయినా ఎవరం కిక్కురుమనలేదు. ఇప్పుడు కిరణ్ గారి కాగితం మా ఫ్రిజ్ మీద కూడా ఉంది, మూడు రోజులు నా పేరు, మూడు రోజులు తన పేరు.

బాబు సేమ్యా తిన్నాడు, "మసాలా" అని మాత్రం అడిగాడు. ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఎండు వెల్లుల్లి వేయించి పొడి కొట్టి, ఖాళీ పొట్లం సైజు చిన్న డబ్బాలో పెట్టి వాడి చేతికే ఇచ్చాను. చల్లుకోవడమే వాడికి కావలసింది, రుచి రెండోది. కర్రీ పాయింటు శుక్రవారానికి పరిమితం, స్టీలు డబ్బాలతో.

పచ్చి పులుసు పెద్దవాళ్ళం ముగ్గురం తాగేశాం. పిల్లలు దూరం నుంచి చూశారు. సంగటి ఉండలు కట్టింది, మామిడి గారూ.

---

అనంత_మామిడి · శనివారం సాయంత్రం 5:05

ఉండలు కట్టిందంటే మూత పెట్టిన టైమ్‌లో ఆత్రంగా కలిపారన్నమాట. లేదంటే నీళ్ళు తక్కువ. ఈసారి పిండి పోశాక గరిటె వెనకతో మధ్యలో రెండు మూడు బొక్కలు పెట్టండి, ఆవిరి పైకి వస్తుంది.

---

ఓరుగల్లు_పిల్ల · శనివారం సాయంత్రం 5:30

పిల్లలకి పచ్చి పులుసుల మిర్చి తీసేసి బెల్లం జర ఎక్కువ వెయ్యి మంగక్కా. మా అన్న కొడుకు అట్లనే అలవాటు పడ్డడు.

---

డల్లాస్_దోసకాయ · శనివారం రాత్రి 9:12

కిరణ్ గారూ, మీ పెసరట్టు చేశాను. పెనానికి అంటుకుపోయి చిరిగిపోతోంది. ఉత్త పెసలేనా, బియ్యం ఏమైనా వేస్తారా? పొట్టు తీయాలా?

---

కుకింగ్_కిరణ్ · శనివారం రాత్రి 9:30

పొట్టు తీయొద్దు, పీచు ఎక్కువగా అందులోనే ఉంది. గ్లాసు పెసలకి గుప్పెడు బియ్యం పెసలతో పాటే నానేయండి, అంచులు కరకరలాడతాయి. పిండి మరీ జారుగా ఉంటే చిరుగుతుంది, గరిటె నుంచి మెల్లగా జారేంత చిక్కగా ఉండాలి. పెనం బాగా కాలాక ఉల్లిపాయ సగం చెక్కని నూనెలో ముంచి రుద్ది, మంట తగ్గించి వెయ్యండి. మొదటి అట్టు మీద ఆశ పెట్టుకోవద్దు.